ఒక కాలు బావది, ఒక కాలు నాది

మా బావ పడిపోయింది మగ్గం మీదే. బావ అంటే మా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్నవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా నోటికి ‘ఏమండీ’ రాలేదు. ఆ పొద్దున నేను ఇంటి ముందర చరఖా దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నాను. కండె అంటే నూలు చుట్టే చిన్న పుల్ల, దాన్ని పడుగు నడుమ అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టి నేస్తారు. లోపల మగ్గం మోగుతూ మోగుతూ ఆగింది. పోగు తెగిందేమో అనుకున్నాను. తెగిన పోగు ముడేసుకుని మళ్ళీ మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతకంటే ఎక్కువే ఆగేసరికి, "ఏంది బావా, కునుకు వట్టిందా?" అని కూర్చున్నచోటి నుంచే వెక్కిరించాను. మగ్గం మళ్ళీ మోగలేదు. లేచి వెళ్ళి చూస్తే బావ మగ్గం మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఇబ్రహీంపట్నం దవాఖానలో చూసి పట్నం పెద్ద దవాఖానకు పంపారు. పట్నంలో కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి పంపారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. నోరున్న రోజుల్లోనే ఆయన మాటలు తక్కువ, నాకున్న నోరే ఇంటికంతా సరిపోయేది. ఇప్పుడు ఆయన వాటా కూడా నా మీదే పడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "ఊకె పండవెట్టకు. ఆ చెయ్యితోని, ఆ కాలుతోని పని చేయించు. పని చేస్తె వస్తె వస్తది."

ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఆ కాలు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేసిన పని ఏమిటి? మగ్గం తొక్కడం. మరి దానికి చేయించాల్సిన పని ఇంకేముంటుంది? మగ్గం మీద కూర్చోబెడితే కాలికి అదే గుర్తుకొస్తుంది అనుకున్నాను. మాకు పిల్లల్లేరు. ఆ మనిషి తప్ప నాకు వేరే దిక్కు లేదు. దేవుణ్ణి ఒకటే అడిగాను, బావ మళ్ళీ మగ్గం గుంతలో దిగి నేయాలని. మాట రాకపోయినా ఫర్వాలేదని కూడా చెప్పాను, బేరమాడినట్టు.

మా మరిది పక్కింట్లోనే ఉంటాడు. మగ్గం ఎప్పుడో వదిలేసి ఆదిభట్ల కంపెనీ బస్సు నడుపుతున్నాడు. మంచివాడే, కాకపోతే తొందరెక్కువ. మేం దవాఖాన నుంచి వచ్చిన వారానికే మన్నెగూడ దుకాణం నుంచి నేలకు వేసే బండ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"వదినె, గుంత పూడ్పిద్దాం. ఇంట్ల ఉన్నదే ఒక్క అర్ర, దాని నడుమల గుంత. అన్న నడుస్తందుకు ఏడ జాగుంది? పడితె ఉన్న కాలు గూడ పోతది."

"గుంత పూడిస్తె మీ అన్న ఏడ కూసోని నేస్తడు?"

"అన్న ఇగ నేస్తడా వదినె?"

"నేస్తడు. నీకేం ఫికర్?"

వాడు బండ వంక చూశాడు, అన్న వంక చూశాడు. బావ మంచం మీద నుంచి పైకప్పును చూస్తున్నాడు. చివరికి మాట ఒకటి అనుకున్నాం. మగ్గం మీద పరిచి ఉన్న నూలు, అదే పడుగు, అయిపోయేదాకా గుంత జోలికి రాకూడదు. ఆలోపు అన్న నేస్తే సరి, లేకపోతే వాడి ఇష్టం. "గట్లనే గానీ వదినె, ఇది దింపుడు కళ్ళం ఆశ" అన్నాడు. పాడె దించి శవం చెవిలో పేరు పెట్టి పిలుస్తారే, లేస్తాడేమోనని, ఆ ఆశ. నా మొగుడు బతికుండగానే ఆ మాటన్నందుకు వాణ్ణి బండతో సహా బయటికి వెళ్ళగొట్టాను.

గుంత మగ్గం చూడనివాళ్ళకు చెప్తాను. ఇంట్లో నేలను తవ్విన గుంత అంచున నేసేవాడు కూర్చుని కాళ్ళు లోపలికి దించుతాడు. అడుగున రెండు తొక్కుడు కర్రలుంటాయి. తన ఒడి నుంచి ఎదుటి గోడ దాకా బిగించి పరిచిన పోగులే పడుగు. అందులో ఒకటి విడిచి ఒకటి చొప్పున సగం పోగులు ఒక వరుస దారపు ఉచ్చుల్లోంచి, తక్కిన సగం ఇంకో వరుస ఉచ్చుల్లోంచి పోతాయి. ఎడమ కర్ర తొక్కితే ఒక సగం దిగుతుంది, ఇంకో సగం లేస్తుంది, నడుమ సందు ఏర్పడుతుంది. పైనుంచి వేలాడే తాడును కుడిచేత్తో గుంజితే నాడె ఆ సందులోంచి ఉరికి అవతలి గూట్లో పడుతుంది. దాని వెంట అడ్డపోగు పరుచుకుంటుంది, అది పేక. ఇక అచ్చు. అది దువ్వెనలాంటిది, పడుగంతా దాని పళ్ళ సందుల్లోంచే వస్తుంది. అచ్చును బిగించిన పలకను ఎడమచేత్తో ముందుకు లాగి కొడితే పేక పోయి బట్టకు అతుక్కుంటుంది. అప్పుడు కుడి కర్ర తొక్కాలి. పైపోగులు కిందికి, కిందిపోగులు పైకి మారి ఆ పేకను పట్టేసుకుంటాయి. మళ్ళీ తాడు, నాడె, పలక, మళ్ళీ ఎడమ కర్ర. మగ్గమంటే ఇంతే. ఇంత చిన్న సంగతి అని నవ్వుకునేవాళ్ళు ఒక్కపూట కూర్చుని చూడండి, నడుము చెప్తుంది.

మరిదిని బతిమాలి ఒక ఆదివారం బావను గుంతలో కూర్చోబెట్టించాను. పడిపోకుండా వెనకాల బియ్యం సంచి ఆనించాను. ఎడమకాలు కర్ర మీద పెట్టగానే దానంతటదే నొక్కింది. నా ప్రాణం లేచొచ్చింది. కుడికాలు తీసి కుడి కర్ర మీద పెట్టాను.

"తొక్కు బావా."

కాలు కదల్లేదు.

"జర తొక్కు బావా. నీ కాలుకు తెలువదా? నాకంటె దానికే ఎరుక."

చెమటలు పట్టాయి ఆయనకు. మెడ నరాలు తేలాయి. కాలు మాత్రం కర్ర మీద పెట్టిన మరో కర్రలా ఉంది. కుడి కర్ర తొక్కకపోతే ఏమవుతుందో అప్పుడు చూశాను. సందు మారదు. పోయిన నాడె అదే సందులోంచి వెనక్కి వస్తే, పరిచిన పేకను పట్టుకునేది లేక లాగగానే ఊడి వచ్చేస్తుంది. ఎన్నిసార్లు అటూ ఇటూ విసిరినా బట్ట వెంట్రుకవాసి పెరగదు. ఎడమకాలితోనే రెండు కర్రలూ మార్చి మార్చి తొక్కవచ్చు కదా అంటారేమో, నేనూ అదే అన్నాను. ఎడమకాలు ఎత్తగానే మనిషి మొత్తం కుడిపక్కకు ఒరిగాడు. మరిది పట్టుకోకపోతే తల పోయి గుంజకు తగిలేది. "సాలు వదినె, సాలు" అని వాడు అన్నను ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. నా కళ్ళల్లో నీళ్ళు లేవు, మంట ఉంది.

మరునాడు నేనే గుంతలో దిగాను. మా అత్తగారింట్లో ఆడవాళ్ళు నూలు పని చేశారు గానీ గుంతలో దిగలేదు. కండెలు చుట్టడం, గంజి పెట్టడం, తెగిన పోగులు అతకడం మావి, తొక్కడం మగవాళ్ళది. వద్దని ఎవరూ అనలేదు, ఎవరూ దిగలేదు, అంతే. మగ్గం నాకు తెలుసనే అనుకున్నాను. తీరా కూర్చున్నాక అర్థమైంది, నాకు తెలిసింది దాని చప్పుడు మాత్రమేనని. పెళ్ళయినప్పటి నుంచి గోడ ఇవతల కూర్చుని విన్న చప్పుడు. కాబట్టి నేను చప్పుడునే నేశాను. తాడు, పలక, కర్ర అచ్చం ఆయనలాగే మోగిస్తున్నాను. బట్ట చూస్తే ఒకచోట జల్లెడ, ఒకచోట గోనె. అంచులు లోపలికి గుంజుకుపోయాయి.

ఆ చప్పుడు వాడకట్టంతా వినపడింది. ఎదురింటి ఆమె వాకిట్లోంచి కేకేసింది. "అక్కా, మగ్గం మోగుతున్నది! బావ లేచిండా?"

"అవ్" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆమె సంతోషంతో దేవునికి దండం పెట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది. నేను తల దించుకుని ఇంకా గట్టిగా తొక్కాను.

అప్పుడే మంచం మీద నుంచి టక్కుమని చప్పుడైంది. బావ ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతున్నాడు. నేను పలక కొట్టినప్పుడు కాదు, కొంచెం ముందు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కొంచెం ముందే టక్కుమంది. పలక తగిలాక కర్ర మార్చడం కాదు, తగిలీ తగలకముందే మార్చాలని చెప్తున్నాడు. అలా చేస్తే పేక బిగిసి కూర్చుంది. ఆయనకు ఎడమచెయ్యి ఉంది, ఎడమకాలు ఉంది, తెలివి ఉంది. లేనివి ఒక కాలు, ఒక చెయ్యి. నాకు రెండేసి ఉన్నాయి. ఇంత చిన్న లెక్క నా మొద్దు బుర్రకు ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదని నన్ను నేను తిట్టుకున్నాను.

గుంతలో ఇద్దరం తుంటికి తుంటి ఆనించి కూర్చున్నాం. ఆయన ఎడమకాలు ఎడమ కర్ర మీద. ఆయనకు కుడిపక్కన నేను, నా కాలు కుడి కర్ర మీద. ఆయన కుడిపాదాన్ని నా పాదం మీద పెట్టి పాత చీర పేలికతో రెండూ కలిపి కట్టాను. నేను తొక్కిన ప్రతిసారీ ఆయన కాలు కూడా తొక్కినట్టే లెక్క. తాడు నాది, పలక ఆయనది. మొదట్లో నేను తొక్కేలోపు ఆయన కొట్టేవాడు, ఆయన కొట్టేలోపు నేను గుంజేదాన్ని, నాడె ఎగిరి వాకిట్లో పడేది. "మెల్లగ బావా, పెండ్లిల కూడ గింత తొందరపడలే నువ్వు" అంటే మూతి బాగున్న పక్క కొంచెం వంగింది. నవ్వే అది. నేను చూశాను.

కొన్నాళ్ళకు కుదిరింది. బట్ట పెరిగింది. మంచిదని అనను, దుకాణంవాడు చూస్తే మొహాన కొడతాడు, కానీ బట్టే. పొద్దున సాగర్ రోడ్డు మీద బస్సుల హారన్లు మొదలయ్యేసరికి మేం గుంతలో ఉండేవాళ్ళం. ఒకరోజు నా పాదం మీద ఆయన వేళ్ళు కదిలినట్టనిపించింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మళ్ళీ కదల్లేదు. నా కాలి నరమే కొట్టుకుందేమో. అయినా కదిలిందనే మరిదికి చెప్పాను, ఎదురింటామెకు చెప్పాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

మధ్యలో ఆయన పలక వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకునేవాడు. అలసిపోయాడనుకునేదాన్ని. "అట్ల ఆగితె ఎట్ల బావా, పట్టు" అని చెయ్యి తీసి పలక మీద పెట్టేదాన్ని. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండేది కాసేపు. తర్వాత మెల్లగా కొట్టేవాడు. ఆయన మొహం వంక చూసే తీరిక నాకు ఉండేది కాదు, నా కళ్ళన్నీ బట్ట మీదే.

ఒకనాడు పేలిక విప్పితే నెత్తుటికి అతుక్కుని వచ్చింది. నెత్తురు నాది కాదు. ఆయన మడమ పక్కన తోలు లేచిపోయి ఎర్రగా పుండు పడింది. ఎన్నాళ్ళుగా రాసుకుంటోందో! ఆ కాలికి నొప్పి తెలియదు, తెలిసినా చెప్పడానికి నోరు లేదు. నేను ఆ పుండు మీదే రోజూ తొక్కించాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఆ రోకలి నేనే పట్టుకున్నాను. కట్టు కట్టడానికి వచ్చిన మరిది అరిచాడు.

"మనిషిని బతికిస్తున్నవా, సంపుతున్నవా వదినె? ఆయన కాలు సచ్చింది. సచ్చింది! నువ్వొక్కదానివే ఒప్పుకుంటలేవు."

"సచ్చిందని నువ్వెవడివిరా చెప్పనీకి?"

వాడు కట్టు కట్టేసి వెళ్ళిపోయాడు. నేను కట్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. బావ ఎడమచేత్తో నా తల నిమిరాడు. నాకు ఓదార్పు కాదు, కోపం వచ్చింది. నిమరడానికి వచ్చే చెయ్యి కాదు నాకు కావలసింది, రాని కాలు కావాలి.

పుండు మానేదాకా మగ్గం ఆగింది. ఆపేసి అలాగే ఉంచితే గుంత మిగిలేదే, కానీ వానలు మొదలయ్యాయి. గంజి పెట్టిన నూలుకు బూజు పడుతుంది, ఎలుకలు కొడతాయి. మళ్ళీ దిగక తప్పలేదు. ఈసారి పేలిక కట్టలేదు, ఆయన పాదాన్ని ఊరికే నా పాదం పక్కన ఉంచాను. నేస్తున్నకొద్దీ ఎదుటి గోడ నుంచి పడుగు దగ్గరికి వస్తోంది. నేసేవాళ్ళకు అది సంతోషం. నాకు మాత్రం భయం. ఆయన కాలు అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది.

నేను ఊరుకుంటానా? మరిదికి ఇచ్చిన మాటలో ఒక సందు పెట్టుకునే ఇచ్చాను. మగ్గం మీద పడుగు నిజంగా ఎప్పుడూ అయిపోదు. ఆఖరి బట్ట కోసేటప్పుడు పోగుల కొసలను అచ్చులోనూ ఉచ్చుల్లోనూ అలాగే ఉంచేస్తారు. జారిపోకుండా ముందరి పక్కన గుప్పెడు గుప్పెడుగా ముడేస్తారు. వెనక వేలాడే కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అచ్చు అతకడం అంటే అదే, నా చేతులు పుట్టిందే ఆ పనికి. పాతది లాగితే దాని వెంటే కొత్తది వచ్చేస్తుంది. అలా అతికితే మగ్గానికి చివర అనేది ఉండదు, మరిదికి గుంత పూడ్చే రోజు రాదు. అందుకే గంజి పెట్టిన కొత్త పడుగు చుట్ట ఒకటి ముందే తెప్పించి బావ మంచం కింద దాచాను. దాస్తుంటే ఆయన చూశాడు. "మీ తమ్మునికి చెప్పకు" అన్నాను, చెప్పగలిగిన మనిషికి చెప్పినట్టు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆఖరి బట్ట ఒక మధ్యాహ్నం అయిపోయింది. నేనే కోశాను. కొసలు గుప్పెళ్ళుగా ముడేశాను. మెలిపెట్టేటప్పుడు వేళ్ళు జారకుండా బూడిద రాసుకోవాలి. గ్యాసు వచ్చాక మా ఇంట్లో బూడిద ఎక్కడిది? ఎదురింటామె నీళ్ళు కాగబెట్టుకునే పొయ్యి ఉంది. బావను గుంత అంచున కూర్చోబెట్టి, వెనకాల సంచి సరిచేసి, "ఇప్పుడే వస్త బావా, కదలకు" అని చెప్పి వెళ్ళాను. ఆమె బావ ఆరోగ్యం అడిగింది. మస్తు నయమని చెప్పాను.

చిప్పలో బూడిదతో గడప దాటేసరికి సర్రుమని చప్పుడు వినిపించింది. మగ్గం చప్పుళ్ళలో నాకు తెలియని చప్పుడు అది ఒక్కటే. బావ ఎడమచేత్తో ఒక ముడిని పట్టుకుని తన వైపు లాగుతున్నాడు. గుప్పెడు పోగులు ఉచ్చుల్లోంచి, అచ్చు పళ్ళలోంచి జారి బయటికి వచ్చేశాయి. అప్పటికే ఎడమ పక్కంతా ఖాళీ. ఆ సందుల్లోంచి ఎదుటి గోడ కనపడుతోంది. నేను కాపురానికి వచ్చాక ఆ మగ్గంలోంచి గోడ కనపడటం అదే మొదలు.

"బావా! ఏం జేస్తున్నవ్ బావా!"

చిప్ప వదిలేసి మణికట్టు పట్టుకున్నాను. అంత బలం ఎక్కడిదో ఆ చేతికి. పొరపాటున చేసింది కాదది. నేసేవాడు పొరపాటున కూడా చేయని పని అది. ఒక్కో పోగును మళ్ళీ ఒక్కో ఉచ్చులోకి, ఒక్కో పంటి సందులోకి ఎక్కించాలంటే అవతల ఒకరు అందించాలి, ఇవతల ఒకరు లాగాలి, అదీ రోజుల తరబడి. ఆ సంగతి తెలిసిన మనిషే, తెలిసే లాగుతున్నాడు.

"నీ కోసమే కదా బావా గిదంత! నేనేం కావాలె మరి? నేనేం జేస్కోని బతకాలె?"

కొట్టాను కూడా, భుజం మీద. ఆయన నా చేతిని తన మణికట్టు మీద నుంచి మెల్లగా తీసి, నా ఒళ్ళో పెట్టాడు. నేను ఆయన చేతిని ఎన్నోసార్లు పలక మీద పెట్టినట్టే. తర్వాత ఇంకో గుప్పెడు లాగాడు. ఇంకోటి. ఆయన మొహాన్ని నేను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో! కోపం లేదు, ఏడుపు లేదు. మోయలేని బరువు దించుకుంటున్నవాడి మొహం. ఇన్నాళ్ళు ఆ బరువు ఆయన నెత్తికి నేనే ఎత్తానా? ఎవరిని అడగను?

కుడి అంచున ఆఖరి గుప్పెడు మిగిలింది. ఎడమచెయ్యి అక్కడి దాకా అందలేదు. వంగబోయి ఒరిగాడు, నేను వీపుకు చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాను. మళ్ళీ వంగాడు, మళ్ళీ అందలేదు. అప్పుడు నా వైపు తిరిగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆ ముడి నేను పట్టుకుని లాగాను.